ఆర్డిస్ ఈదుతున్నంతసేపూ

మినెసోటా ఉత్తరాన ఉన్న ఆ సరస్సును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్క బిగిన ఈదిన మనిషి ఇప్పటికి ఒక్కడే పుట్టాడు, అతని పేరు వెర్లిన్. అదీ ఒంటిచేత్తో. రెండో చంకలో గజం పొడుగు పైక్ చేపను ఇరికించుకుని, అది గింజుకోకుండా దారిపొడుగునా దానికి కబుర్లు చెబుతూ ఈదాడు. ఈ సంగతి వెర్లిన్ స్వయంగా చెప్పాడు కనుక నమ్మక తప్పదు, ఆ చేప కూడా ఇంతవరకూ కాదనలేదు. అంతటి ఈతగాడు ఈ జులై ఆదివారం పొద్దున స్టేట్ పార్కు ఇసుక ఒడ్డున, నీళ్ళ అంచులో మడతకుర్చీ వేసుకుని, ప్యాంటు పిక్కల పైకి మడిచి, పాదాలు మాత్రం తడవనిచ్చి, ఒళ్ళో ఒక ఆకుపచ్చ తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇసుకలో ఒక జత ఆడవాళ్ళ చెప్పులు, ఒక కాఫీ ఫ్లాస్కు. తువ్వాలూ చెప్పులూ ఫ్లాస్కూ అన్నీ ఆర్డిస్‌వి. ఆర్డిస్ నీళ్ళలో ఉంది.

ఈతకు పార్కువాళ్ళు హద్దు కట్టినచోట తాడుకు గుచ్చిన పసుపు బంతులు నీళ్ళ మీద వరసగా తేలుతుంటాయి. ఆ తాడు వెంట ఆవిడ తెల్ల రబ్బరు టోపీ ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది, ఆ చివర నుంచి ఈ చివరకు వస్తుంది, తొందరా లేదు, ఆగడమూ లేదు, నీళ్ళు చిమ్మడమూ లేదు. డెబ్భై దాటిన మనిషి, తీగ మీద బట్టలు ఆరేసుకుంటున్నంత మామూలుగా ఈదుతుంది. ఈ రెండు వారాలూ పొద్దున్నే ఇదే వరస, ఆవిడ ఈదడం, ఇతను తువ్వాలు కాపలా కాయడం. తువ్వాలు ఎత్తుకుపోయేవాడు ఆ పార్కులో ఎవడూ లేడని ఇద్దరికీ తెలుసు, ట్రక్కు తాళంచెవులు ట్రక్కులోనే వదిలేసే ప్రాంతం అది, అయినా మొదటిరోజు ఆవిడ, కాస్త చూస్తుంటావా అంది, ఇతను చూస్తానన్నాడు, అప్పటినుంచి అది ఉద్యోగం అయిపోయింది. ఇవాళ నీళ్ళలోకి దిగబోతూ మాత్రం ఆవిడ ఒక క్షణం ఆగి, టోపీలోకి చెవులు సర్దుకుంటూ, ఇవాళ కాస్త ఎక్కువసేపు ఈదుతాను, నీకేం తొందర లేదుగా, అంది. నాకేం తొందర, అన్నాడు వెర్లిన్. అనేసి కుర్చీలో కూలబడ్డాక గాని తెలియలేదు, తన దగ్గర తొందర తప్ప ఇంకేమీ లేదని. ఎందుకంటే ఆవిడ ఒడ్డుకొచ్చిందంటే తల తుడుచుకుంటుంది, కాఫీ వంచుకుంటుంది, ఆ తర్వాత పైన్ చెట్ల కింద నిలబెట్టిన తన ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించుకుని అరిజోనా వెళ్ళిపోతుంది. పార్కులో రెండు వారాలకు మించి ఎవరినీ ఉండనివ్వరు. ఊళ్ళో ఇల్లు వసంతంలోనే అమ్మేసింది. అరిజోనాలో చెల్లెలు గది సర్ది ఉంచింది, కిటికీకి కొత్త కర్టెన్లు కూడా కుట్టిందట, కర్టెన్ల దాకా వచ్చిన వ్యవహారం వెనక్కి తిరగడం కష్టం. ఆవిడ వెళ్ళకూడదని వెర్లిన్ కోరిక. పాత పాలకేంద్రం వెనక తన ఇంట్లో, తన పెళ్ళాంగా, తన ఎదురుకుర్చీలో ఉండిపోవాలని కోరిక. ఆ కోరిక బయటపెట్టాడు కూడా. ఆవిడ కాదంది. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ కాదంది, ఇక నాలుగోసారి అడగడానికి ఆ ప్రాంతంలో మర్యాద ఒప్పుకోదు.

చిన్న చేపపిల్లలు వచ్చి కాలివేళ్ళను పొడుస్తున్నాయి, ఏమిటీ ముసలి చెక్కముక్క, తినవచ్చా, అన్నట్టు, పొడవండి పొడవండి, మీకైనా పనికొస్తాను. నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసింది. లవాన్ అక్కకు ఎనభై రెండేళ్ళు, ఫోను చెవికి దూరంగా పెట్టుకుని మాట్లాడుతుంది, అందుకని ఆవిడతో మాట్లాడితే పక్క కౌంటీకి కేకేసినట్టు ఉంటుంది. ఏరా, అడిగావా, అంది. అడిగాను. ఏమంది. కాదంది. ఎన్నిసార్లు అడిగావ్. మూడుసార్లు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఆ ప్రాంతంలో ఎవరైనా కోపం వస్తే అరవరు, ఊరుకుంటారు, ఎంత పెద్ద కోపమైతే అంత పెద్ద ఊరుకోవడం, కాని ఇది కోపం ఊరుకోవడం కాదు, ఇంకోరకం. మూడుసార్లూ అడిగావా, సరిగ్గా, అంది మళ్ళీ. అడిగాననే చెప్పాడు. ఊఁ, మరైతే అంతే, అంది అక్క. ఆ అంతే అన్న మాట రాత్రంతా మంచం కోడుకు కట్టేసిన కుక్కలా అక్కడక్కడే తిరిగింది.

తెల్లటోపీ ఆ చివర మలుపు తిరిగింది. ఆవిడను వెర్లిన్ ఈ రెండు వారాల్లోనే చూసిన మనిషి అనుకుంటే పొరపాటు. ఇరవై చలికాలాలు ఆవిడ బడి బస్సు నడిపింది, ఇరవై చలికాలాలు ఇతను కౌంటీ వారి మంచు తోసే బండి నడిపాడు, చీకటితో లేచి ఆవిడ బస్సు వచ్చేవేళకు ఉత్తరపు దారి తోసి ఉంచాలి, తోసి ఉంచేవాడు. ఎదురుపడితే స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యకుండా రెండు వేళ్ళు లేపేవాడు, ఆవిడా రెండు వేళ్ళు లేపేది, ఇరవై ఏళ్ళ పరిచయం మొత్తం అంతే, నాలుగు వేళ్ళు. అప్పుడు ఇతనికి భార్య మార్విస్ ఉంది, ఆవిడ భర్త కూడా బతికే ఉన్నాడు, అందులో ఇంకే భావమూ లేదు, దారి బాగుంటే బస్సు బాగుంటుంది, బస్సు బాగుంటే పిల్లలు బాగుంటారు, అంతవరకే. అయినా ఒకసారి పెద్ద మంచుతుఫాను తర్వాత, ఇతను రెండు పక్కలా తోసిన మంచు ఎంత ఎత్తు లేచిందంటే హల్వర్సన్ వాళ్ళ ఆవు నడుచుకుంటూ నడుచుకుంటూ పోయి చర్చి కప్పు మీద నిలబడి ఆదివారం ప్రార్థనంతా చర్చిగంట పక్కనుంచి వింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మార్విస్ సాక్స్ అల్లుతూ తల ఎత్తకుండా, పోయినసారి చెప్పినప్పుడు ఆ ఆవు చర్చి మెట్ల దాకే వచ్చింది వెర్లిన్, అనేది. ఏడాదికి ఒక్కో మెట్టు ఎక్కుతుంది మార్విస్, దానికీ వయసొస్తోంది, అనేవాడు ఇతను. మార్విస్ పోయి ఆరు చలికాలాలు. ఆమె పోయాక ఆవు కప్పు మీదే ఉండిపోయింది, దించేవాళ్ళు లేక.

ఈ మడతకుర్చీ మార్విస్‌దే. ఎడమచేతి వైపు పట్టీ ఒకటి తెగితే తను అల్లే ఊలుతోనే కట్టింది, ఎర్ర ఊలు, ఎండకు గులాబీరంగు అయిపోయింది. ఆదివారాలు చర్చి అయ్యాక ఇక్కడికే వచ్చేవాళ్ళు, ఆమెకూ ఈత రాదు, ఇద్దరూ పాదాలు నీళ్ళలో పెట్టుకుని గుడ్డు ముక్కల శాండ్‌విచ్చి తినేవాళ్ళు. అదిగో, ఆమెకూ రాదని నోరు జారాడు మనవాడు. ఇక ఈత సంగతి దాచి లాభం లేదు. వెర్లిన్‌కు ఈత రాదు. నడుము లోతు దాటి ఎన్నడూ దిగలేదు, చిన్నప్పుడు జలగ ఒకటి మడమకు పట్టుకుంటే ఊరంతా వినపడేలా ఏడ్చాడు, ఆనాటి నుంచీ నీళ్ళకూ అతనికీ మధ్య మర్యాదగా దూరం ఉంది. సరస్సును ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిన మాట మాత్రం అక్షరాలా నిజం, జనవరిలో దాటాడు, రెండడుగుల మందం గడ్డకట్టిన మంచు మీద, ట్రక్కులో కూర్చుని, హీటరు వేసుకుని. చేప కూడా నిజమే, వెనక తొట్టిలో ఉంది, చచ్చి. మొదటిరోజు ఆర్డిస్‌కు తను ఈదిన కథ మొత్తం చెప్పి, ఆవిడ శ్రద్ధగా విని, అయితే పద, అక్కడి దాకా వెళ్ళొద్దాం, అని తాడు కేసి చూపించినప్పుడు, ఇలా జనవరి అనీ, ట్రక్కు అనీ, హీటరు అనీ ఒక్కొక్కటే ఒప్పుకోవలసి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. హీటరు కూడానా, అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు విన్నాక, ఈ వయసులో ఇదేం గోలరా నాయనా అనుకుంటూనే, మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని వచ్చాడు.

జోరీగ ఒకటి చెవి చుట్టూ తిరుగుతోంది. తువ్వాలుతో కొట్టవచ్చు, కాని అది ఆవిడ తువ్వాలు, సబ్బు వాసన, కాస్త కట్టెల పొగ వాసన, ట్రైలర్ ముందర చలిమంట వేసుకుంటుంది రోజూ. మొదటిసారి అడిగింది అక్కడే, బుధవారం సాయంత్రం, ఆవిడ మంటలోకి పుల్లలు తోస్తుంటే. అరిజోనాలో సరస్సులు ఉండవట ఆర్డిస్, నువ్వు దేంట్లో ఈదుతావు, బకెట్లోనా, అన్నాడు. ఆవిడ ఇంకో పుల్ల అందుకుంది. ఇక్కడే ఉండిపోరాదూ, మనం పెళ్ళి చేసుకుందాం, మా ఇంట్లో నేను కాక ఇంకో మనిషికి చోటుంది, అన్నాడు, ఇంత పెద్ద మాట ఇంత మామూలుగా నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలియదు. అయ్యో, నీకెందుకా శ్రమ, అంది ఆవిడ. పుల్లలు తోస్తూనే ఉంది. పొగ ఇటే వస్తోంది, కుర్చీ జరుపుకో, అంది తర్వాత. రెండోసారి గురువారం, పార్కు కుళాయి దగ్గర ఆవిడ నీళ్ళడబ్బా నింపుకుంటుంటే, నిన్న నేనన్నది వేళాకోళం కాదు, అన్నాడు. తెలుసులే, అంది ఆవిడ. నీళ్ళు డబ్బా నిండి పొర్లిపోయేదాకా కుళాయి కట్టలేదు. వద్దులే వెర్లిన్, నా సామానంతా ఎక్కడ పెడతావు, అంది. అంతే, డబ్బా ఎత్తుకుని వెళ్ళింది, తను మోస్తానన్నా ఇవ్వలేదు, ఇవ్వలేదంటే రెండుసార్లు ఇవ్వలేదు, మూడోసారి ఇచ్చింది. ఇక మూడోసారి ఆ మాట. మూడోసారి.

పెద్దాయనా, ఒకటి తీసుకోండి, అని పక్కన ఎవరో అన్నారు. తల తిప్పి చూస్తే ఒక కుర్రాడు, ముప్ఫై ఉంటాయేమో, దక్షిణాది యాస, టెక్సస్ కాబోలు, పొద్దున్నే పెళ్ళాంపిల్లలతో దిగి పొయ్యి ముట్టించిన కుటుంబం వాళ్ళది. చేతిలో కాగితం పళ్ళెం, పళ్ళెంలో రొట్టెలో పెట్టిన సాసేజ్, నిప్పుల మీద పేలి చర్మం చిట్లి ఉంది, పైన వేయించిన ఉల్లిపాయలు, అటూ ఇటూ జారిపోతున్నాయి. అర్ధరాత్రి నుంచి నిద్రలేని మనిషి, తెల్లవారి ఒక రొట్టెముక్క కొరికి వదిలేశాడు, ఆ వాసన ముక్కులోంచి కడుపులోకి నిచ్చెన వేసుకుని దిగింది. అబ్బే వద్దండీ, ఇప్పుడే తిన్నాను, అన్నాడు వెర్లిన్. సరేనండీ, అన్నాడు ఆ కుర్రాడు. మంచిగా నవ్వాడు, పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయాడు. వెర్లిన్ రెండో మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు, అయ్యో మీకే సరిపోవాలి కదా అన్నది రెండో మాట, అది అనేలోపు మనిషే లేడు. మళ్ళీ వస్తాడని చూశాడు. రాలేదు. ఆ సాసేజ్‌ను వాళ్ళావిడ తింది, రెండు కొరుకుళ్ళలో తింది, ఉల్లిపాయ ఒకటి ఇసుకలో పడింది. ఇదేం పద్ధతి, వద్దంటే వద్దనుకోవడం ఏమిటి, వద్దన్న మాటను పట్టుకుని వద్దు అనుకునేవాళ్ళుంటే ఇక లోకం ఎలా నడుస్తుంది, ఆకలితో చావడమేనా. అమ్మ గుర్తొచ్చింది. నాలుగైదేళ్ళ వయసులో ఒకరింటికి తీసుకెళ్తే, ఆ ఇంటావిడ రూబార్బ్ అనే పుల్లటి కాడల తీపి పచ్చడి పెట్టిన కేకు ముక్క చూపించి తింటావా బాబూ అంటే, తింటాను అనేశాడు వెర్లిన్. అమ్మ మొహం. ఇంటికి నడిచి వచ్చేదాకా ఒక్క మాట లేదు, వచ్చాక గుమ్మంలో నిలబెట్టి చెప్పింది. మొదటిసారి అడిగితే వద్దనాలి, అది మర్యాద. రెండోసారి అడిగితే మీకెందుకు శ్రమ అనాలి, అది వాళ్ళకు తప్పుకోవడానికి దారి ఇవ్వడం, నిజంగా ఇంట్లో లేకపోతే పాపం వాళ్ళు తప్పుకుంటారు. మూడోసారి అడిగారంటే నిజంగా పెట్టాలనే అడుగుతున్నారు, అప్పుడు, సరే మరి మీకేం ఇబ్బంది లేకపోతే, అనాలి, అని తినాలి. అప్పటినుంచి అంతే, చర్చి కింద హాల్లో భోజనాల్లో ట్రేలో చివరి కేకు ముక్క మిగిలితే ఎవరూ తీసుకోరు, సగం కోసుకుంటారు, ఆ సగంలో సగం కోసుకుంటారు, చివరికి చీమ తలకాయంత మిగిలి, అది కూడా అలాగే ఉండి, గిన్నెలు కడిగేవాళ్ళు తుడిచేస్తారు. అంత మొహమాటం. ఆ కుర్రాడికి అది తెలియదు, పాపం, ఎక్కడో పెరిగినవాడు, అతని తప్పేముంది, ఒక్కసారి అడిగాడు, ఒక్కసారి విన్నాడు, తన పళ్ళెం తను పట్టుకెళ్ళాడు. తప్పు వద్దన్నవాడిది. తప్పు ఎవరిదైనా ఆకలి మాత్రం వద్దన్నవాడిదే, మొహం మీద నవ్వు అతికించుకుని, పోతున్న పళ్ళెం వంక చూస్తూ, మళ్ళీ వస్తుందేమో, మళ్ళీ వస్తుందేమో అని.

తెల్లటోపీ తాడు పట్టుకుని ఆగింది. రోజూ ఆగని మనిషి. ఒడ్డు కేసి చూసింది, అంత దూరం నుంచి మొహం కనపడదు, టోపీ ఇటు తిరిగిందని మాత్రం తెలుస్తుంది, మళ్ళీ అటు తిరిగి ఈత మొదలుపెట్టింది. ఎక్కువసేపు ఈదుతానంది కదా. మార్విస్‌ను అడిగింది ఎలాగంటే, ఒకసారి డాన్సులో అడిగాడు, ఒకసారి వాళ్ళమ్మగారి వంటింట్లో అడిగాడు, మూడోసారి ఈ సరస్సు మీదే, నడిమధ్యలో, మంచు మీద ట్రక్కు ఆపి, ఆ ట్రక్కులో హీటరు కూడా లేదు, ఇద్దరి ఊపిరీ కలిసి అద్దానికి గడ్డకట్టింది, సరే మరి, చీకటి పడకముందే నన్ను ఇంటికి దింపేమాటైతే, అంది మార్విస్, అది ఒప్పుకోవడం అని ఇద్దరికీ తెలుసు. అక్కడ అడిగాడు. మంచు మీద. మరి ఆర్డిస్‌ను మూడోసారి ఎక్కడ అడిగాడు. చలిమంట దగ్గర ఒకటి. కుళాయి దగ్గర రెండు. మూడోది శుక్రవారం, పార్కుకు వచ్చే దారిలో, బాగా గుర్తుంది, అద్దం మీద చీమలు పాకినట్టు చిన్న వాన, తను అన్నాడు, ఆర్డిస్, నేను పెద్ద అందగాణ్ణి కాను, ఇంట్లో అటక మీద చోటుంది, నీ సామాను మొత్తం పెట్టవచ్చు, ఉండిపో. చాలా బాగా అన్నాడు. ఆవిడ ఏమంది. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడానికి కారణం ఏమిటంటే ఆవిడ అక్కడ లేదు. ట్రక్కులో తనొక్కడే ఉన్నాడు. ఎలా అడగాలో ఒకసారి అనుకుని చూసుకున్నాడు, పైకే అనుకున్నాడు, తర్వాత పార్కు గేటు వచ్చింది, గేటు దగ్గర అమ్మాయి మాట్లాడించింది, ఆ మాటల్లో పడి, అడిగేశాను అన్న బరువు దిగిన భావంతో నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఆ రోజంతా ఏమీ చెప్పకపోతే అదే కాదనడం అనుకున్నాడు. తను పెళ్ళాడమని అడిగింది ట్రక్కు అద్దాన్ని.

నాయనా. రెండుసార్లే. ఆవిడ రెండుసార్లే కాదంది, రెండుసార్లూ ఎలా అనాలో అలాగే అంది, నీకెందుకా శ్రమ అంది, సామాను ఎక్కడ పెడతావు అంది, అక్షరం పొల్లు పోకుండా ఏ అమ్మ కూతురికి నేర్పినా అదే. ఆ తర్వాత ఆ టెక్సస్ కుర్రాడిలా పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయినవాడు తనే. శుక్రవారం, శనివారం, ఇవాళ, మూడు పొద్దులు ఆవిడ తువ్వాలు చేతికిస్తూ మొహంలోకి చూసిన చూపు ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది, ఆ చూపు ఇందాక తను సాసేజ్ వంక చూసిన చూపే. అక్క అందుకే ఊరుకుంది, సరిగ్గా అడిగావా అంది, అక్కకు తెలుసు తమ్ముడి లెక్కలు. సరే, ఏం మునిగిపోయింది, ఆవిడ ఒడ్డుకు రాగానే అడిగేద్దాం. రాగానే, తువ్వాలు ఇస్తూ.

కాని అలా కుదరదు. ఒడ్డుకొచ్చి తల తుడుచుకుని చెప్పులేసుకున్న మనిషిని అడగడం, చుట్టాలు కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాక అడగడం లాంటిది. గుమ్మంలో నిలబడినవాళ్ళను అందరూ అడుగుతారు, అప్పుడే వెళ్తారా, ఇంకాసేపు ఉండరాదూ, రాత్రికి ఇక్కడే పడుకోరాదూ, కారు దాకా వెంట నడిచి కిటికీలోంచి కూడా అడుగుతారు, అది లెక్కలోకి రాదు, అది వీడ్కోలు. గుమ్మంలో ఉండిపొమ్మన్నందుకు నిజంగా ఉండిపోయిన చుట్టం ఆ కౌంటీ పుట్టాక ఒక్కడూ లేడు. ఆవిడ కాలు పొడి ఇసుక మీద పడిందంటే తను ఏమన్నా గుమ్మంలో మాటే అవుతుంది. చాలా బాగుంది వెర్లిన్, నువ్వూ ఎప్పుడన్నా అరిజోనా రా, అంటుంది ఆవిడ, అని ట్రక్కు ఎక్కుతుంది, స్టీరింగు మీద నుంచి రెండు వేళ్ళు లేపుతుంది. అడగాలంటే ఆవిడ నీళ్ళలో ఉండగానే అడగాలి. తెల్లటోపీ ఆ చివర బంతి దగ్గర మలుపు తిరిగింది. ఈసారి తాడు వెంట కాదు, తాడు వదిలి, ఒడ్డుకేసి మొహం తిప్పింది.

వెర్లిన్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. తువ్వాలు ఎక్కడ పెట్టాలో తోచలేదు, చేత్తోనే పట్టుకున్నాడు, నీళ్ళలోకి నడిచాడు. మడమలకు చల్లగా తగిలింది, పిక్కలకు ఇంకా చల్లగా తగిలింది, జులైలో కూడా ఆ సరస్సు అడుగున ఎక్కడో జనవరి దాచుకుని ఉంటుంది. చిన్నపిల్లలు ఇసుకకోట కడుతూ ఆగి చూశారు, ప్యాంటుతో దిగుతున్నాడేం ఈ తాత. జలగలు, అనుకున్నాడు, అనుకుని నడిచాడు, ఉన్నాయి, లేవు, ఉంటే ఉండనీ, ఒక్కటి పట్టుకుంటే పట్టుకోనీ, అదైనా అడిగించుకోకుండా పట్టుకుంటుంది. మోకాళ్ళు మునిగాయి. అడుగున ఇసుక పోయి మెత్తటి బురద వచ్చింది, వేళ్ళ మధ్య నుంచి జారింది, జేబులో పర్సు తడిసింది, నడుము దగ్గర నీళ్ళు బెల్టులా చుట్టుకుని బిగించాయి, ఇంతకు మించి ఎన్నడూ దిగలేదు. దిగాడు. ఛాతీ దాకా వచ్చాయి. ఊపిరి పైపైన ఆడుతోంది, గుండె చప్పుడు నీళ్ళలో కూడా వినపడుతుందేమో, చేపలు చెప్పుకుంటాయేమో. తెల్లటోపీ దగ్గరికి వచ్చింది, టోపీ కింద మొహం, మొహం మీద నీళ్ళు, కళ్ళజోడు లేకుండా ఆవిడ కళ్ళు ఇంత లేతగా ఉంటాయని తెలియదు. ఎదురుగా ఆగింది, నీళ్ళలోనే, చేతులు మెల్లగా ఆడిస్తూ.

"ఆర్డిస్," అన్నాడు. "అటక మీద చోటుంది. మొత్తం పడుతుంది. ఉండిపో, పెళ్ళి చేసుకుందాం."

ఆవిడ అతని మొహం చూసింది, తర్వాత అతని చేతి వంక చూసింది, ఆకుపచ్చ తువ్వాలు ఒక కొస అతని చేతిలో ఉంది, మిగతాది నీళ్ళలో తోకలా తేలుతోంది.

"అది తడవకుండా చూస్తావనే కదా వెర్లిన్ నిన్ను పెట్టుకున్నది."

"ఇది మూడోసారి," అన్నాడు వెర్లిన్. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"తెలుసు. నేనూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను," అంది ఆర్డిస్. "ఇంకో విడత ఈదమంటే మునిగిపోయేదాన్ని, భుజాలు పడిపోయాయి." ఒక చేత్తో టోపీ తీసేసింది, తెల్లజుట్టు చెవుల మీదికి జారింది. "సరే మరి. నీకేం ఇబ్బంది లేకపోతే."

ఇబ్బంది లేదన్నాడు వెర్లిన్. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు, ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని ఒడ్డుకు నడిపిస్తున్నంతసేపూ అంటూనే వచ్చాడు. అరిజోనాలో చెల్లెలికి ఫోన్ చేసి కర్టెన్ల గురించి ఎలా చెప్పాలో అని ఆవిడ పైకే ఆలోచిస్తోంది. కాఫీ చల్లారిపోయింది, ఇద్దరూ అదే ఫ్లాస్కు మూతలో తాగారు. టెక్సస్ కుర్రాడు ఇది చూసి, ఏమనుకున్నాడో, రెండు పళ్ళేలు పట్టుకుని మళ్ళీ వచ్చాడు, ఇతను వద్దనేలోపు ఆర్డిస్ రెండూ అందుకుంది.

ఇదంతా ఉన్నది ఉన్నట్టే చెప్పాను, ఒక్క ముక్క తప్ప. ఛాతీ దాకా నీళ్ళన్నానే, అది నా కల్పన, మనవాడి పరువు కోసం కాస్త లోతు పెంచాను. నిజానికి మోకాళ్ళు మునగగానే వెర్లిన్ కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి, ముందుకూ రాలేడు, వెనక్కీ పోలేడు. మిగతా దూరం ఆర్డిసే వచ్చింది. మోకాలి లోతులో ఎవరికీ ఈత సాగదు, కడుపు ఇసుకకు రాసుకుంటుంది, మోచేతులు రాళ్ళకు గీసుకుంటాయి. అయినా ఆవిడ అతని కాళ్ళ దగ్గరి దాకా అలాగే ఈదుకుంటూ వచ్చింది. లేచి నిలబడితే ఒడ్డుకు వచ్చేసినట్టు అవుతుందని.